ఆరో మహాసభ ఏది?

అంతర్జాతీయ గణిత మహాసభల సంపుటాల ముఖపత్రాలను వరుసగా తిరగేస్తే ఒక చోట లెక్క ఆగిపోతుంది. 1897 జూరిక్ సంపుటం మీద ‘మొదటి’ అని ఉంది. 1900 పారిస్ సంపుటం మీద ‘రెండవ’ అని ఉంది. 1904 హైడెల్‌బర్గ్ ‘మూడవ’ది, 1908 రోమ్ ‘నాలుగవ’ది, 1912 కేంబ్రిడ్జి ‘అయిదవ’ది. ఆ తర్వాతి సభ 1920లో స్ట్రాస్‌బూర్గ్‌లో జరిగింది. దాని సంపుటం మీద ఊరు ఉంది, తేదీలు ఉన్నాయి, అచ్చయిన ఏడాది ఉంది. ఎన్నవదో లేదు. లెక్కలే వృత్తిగా ఉన్నవాళ్లు అయిదు దాకా లెక్కపెట్టి ఆపేశారు. ఎందుకు ఆపారన్నది ఒక ప్రశ్న. ఆ ఆపడం వెనక ఏం జరిగిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి కాగితాలు కొంతవరకే జవాబు చెబుతాయి. రెండోదానికి పూర్తిగా చెబుతాయి. ఈ కథనంలో మనుషుల పేర్లు వాడడం లేదు. ఈ చిక్కు విప్పడానికి తేదీలు, ఊళ్లు, ముఖపత్రాలు చాలు.

ఇది అచ్చువేసినవారి అలవాటు కావచ్చా? స్ట్రాస్‌బూర్గ్ సంపుటం ఫ్రెంచిలో ఉంది, 1921లో తులూజ్‌లో అచ్చయింది. ఫ్రెంచి ప్రచురణల్లో వరుస సంఖ్య వేసే ఆనవాయితీ లేదేమో అనుకోవచ్చు. కానీ 1900 పారిస్ సంపుటం కూడా ఫ్రెంచిలోదే. దాని మీద ‘రెండవ’ అని అక్షరాల్లో ఉంది. భాష మారినా సంఖ్య మారలేదు: జూరిక్, హైడెల్‌బర్గ్ సంపుటాలు జర్మన్‌లో, రోమ్‌ది ఇటాలియన్‌లో, కేంబ్రిడ్జిది ఇంగ్లిషులో వచ్చాయి. నాలుగు భాషల్లో నడిచిన ఆనవాయితీ ఇది. ఈ దారి ఇక్కడితో మూసుకుపోయింది.

మధ్యలో ఒక సభ తప్పిపోవడం వల్ల లెక్క తడబడిందా? ఇది మొదటిదానికంటే బలమైన అనుమానం. 1912లో కేంబ్రిడ్జిలో తర్వాతి సభ 1916లో స్టాక్‌హోమ్‌లో అని ఖాయం చేశారు. యుద్ధం వచ్చింది, సభ జరగలేదు. జరగని సభను ఆరోదిగా లెక్కించాలా వద్దా అన్న సందేహం నిజంగానే ఉండొచ్చు. అదే యుద్ధంలో అదే ఏడాది ఆగిన మరో ఉత్సవంతో దీన్ని పోల్చి చూడవచ్చు. 1916 బెర్లిన్ ఒలింపిక్స్ జరగలేదు. అయినా దాన్ని ఆరో ఒలింపియాడ్‌గానే ఉంచి, 1920 ఆంట్‌వర్ప్ క్రీడలను ఏడోవిగా లెక్కించారు. అంటే సందేహం తీర్చుకునే మార్గం ఉంది. స్ట్రాస్‌బూర్గ్‌ను ఆరోది అనొచ్చు, ఏడోది అనొచ్చు. రెండింట్లో ఏదీ అనలేదు. సభ తప్పిపోవడం సంఖ్య మారడానికి కారణం కాగలదు గాని, సంఖ్యే లేకపోవడానికి అది చాలదు.

అయితే స్టాక్‌హోమ్ మాట ఊరికే పోలేదు. 1916 సభను పిలిచిన స్వీడన్ గణితజ్ఞుడు స్ట్రాస్‌బూర్గ్ సభను ఫ్రాన్స్ సొంత వ్యవహారంగానే చూశాడు. అది తన ఆరో సభను రద్దు చేయలేదన్నది ఆయన వాదన. యుద్ధంలో తటస్థంగా ఉన్న దేశపు మనిషి ఇలా అన్నాడంటే, తగువు అంకె గురించి కాదు. స్ట్రాస్‌బూర్గ్‌లో జరిగినది అంతర్జాతీయ సభ అవునా కాదా అన్నది తగువు. అక్కడి నుంచి వెతకవలసింది సభకు ఎవరు వచ్చారని కాదు, ఎవరిని రానివ్వలేదని.

హాజరు అంకెలు మొదట చూడాలనిపిస్తుంది. కేంబ్రిడ్జిలో 574 మంది, స్ట్రాస్‌బూర్గ్‌లో 200 మంది. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. వెలివేతకు ఇదే రుజువని చాలామంది చూపిస్తారు. నేను చూపించను. యుద్ధం ముగిసి రెండేళ్లు కాలేదు. రైళ్లు, డబ్బు, పాస్‌పోర్టులు అన్నీ కష్టమే. యుద్ధంలో చనిపోయిన యువ గణితజ్ఞులు కూడా ఉన్నారు. తగ్గుదల ఒక్కటే దేనికీ రుజువు కాదు. పైగా తర్వాతి టొరంటో సభకు, అట్లాంటిక్ దాటి వెళ్లాల్సి ఉన్నా, 444 మంది వచ్చారు. అక్కడా వెలివేత అమల్లోనే ఉంది. కాబట్టి అంకెలను పక్కన పెట్టి నిబంధనలను చూడాలి.

నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. 1918 అక్టోబరులో, యుద్ధం ఇంకా ముగియకముందే, మిత్రదేశాల శాస్త్ర పరిషత్తుల ప్రతినిధులు లండన్‌లో కలిశారు. నవంబరులో పారిస్‌లో మళ్లీ కలిశారు. 1919 జులైలో బ్రసెల్స్‌లో ఒక అంతర్జాతీయ పరిశోధనా మండలిని స్థాపించారు. పాత అంతర్జాతీయ సంఘాలను వదిలేసి, ఒక్కో శాస్త్రానికి ఒక్కో కొత్త సంఘాన్ని దాని కింద పెట్టడం పథకం. జర్మనీకి, ఆస్ట్రియాకు, హంగరీకి, బల్గేరియాకు అందులో చోటు లేదు. తటస్థ దేశాలు ఓటింగుతో చేరవచ్చు. ఈ ఏర్పాటు 1931 డిసెంబరు 31 దాకా నడవాలి. గణితానికి ఏర్పడిన సంఘం 1920 సెప్టెంబరు 20న స్ట్రాస్‌బూర్గ్‌లో పుట్టింది. రెండు రోజులకు, 22న, అదే ఊళ్లో మహాసభ మొదలైంది.

స్ట్రాస్‌బూర్గ్‌నే ఎందుకు ఎంచుకున్నారు? ఊరి చరిత్ర అందరికీ తెలిసినదే. 1871 నుంచి 1918 దాకా ఆ నగరం జర్మనీది. యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌కు తిరిగివచ్చింది. ఎంపిక వెనక మనసులో ఏముందో ఊహించాల్సిన పని లేదు, ఎందుకంటే సభాధ్యక్షుడు వేదిక మీదే దాచుకోకుండా మాట్లాడాడు. కొన్ని నేరాలను మన్నించడమంటే వాటిలో పాలుపంచుకోవడమేనన్నది ఆయన మాటల సారం. ఆ మాట సభా సంపుటంలో అచ్చయి ఉంది.

ఆ కోపానికి ఆధారంగా తరచు చూపే పత్రం 1914 అక్టోబరు నాటిది. జర్మన్ మేధావులు 93 మంది సంతకాలతో తమ సైన్యాన్ని సమర్థిస్తూ ప్రకటన వేశారు. సంతకాలు చేసినవారిని వెలివేశారని అనుకుంటే కథ సూటిగా ఉంటుంది. కాగితాలు అలా చెప్పవు. 1900లో పారిస్‌లో ఉపన్యసించి, తర్వాత అచ్చులో 23 ప్రశ్నల జాబితా ఇచ్చిన గోటింగెన్ గణితజ్ఞుడు ఆ ప్రకటన మీద సంతకం చేయడానికి ఒప్పుకోలేదు. ఆయనకూ 1920లో, 1924లో తలుపు మూసే ఉంది. నిబంధన మనిషిని చూడలేదు, దేశాన్ని చూసింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. శిక్షకు కారణమని చెప్పిన పనిని చేయనివాడికీ అదే శిక్ష పడింది.

ఇక టొరంటో. 1924 సభ అక్కడ ఎలా జరిగిందన్నది మరో ముడి. స్ట్రాస్‌బూర్గ్‌లో తర్వాతి సభకు అనుకున్న ఊరు న్యూయార్క్. అమెరికా నుంచి వచ్చిన ప్రతినిధులే ఆహ్వానం ఇచ్చారు. తీరా వాళ్ల దేశపు గణిత సంఘం ఆ ఆతిథ్యానికి అండగా నిలబడలేదు. వెలివేత నిబంధనే ఇందుకు కారణమని చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. ఆహ్వానం ఇచ్చినవారు సంఘాన్ని ముందుగా అడగకుండా ఇచ్చారన్నదీ నిజమే. రెండింటిలో దేనికి ఎంత బరువుందో నేను తూచను. సభ చేజారిపోయే దశలో టొరంటో గణితజ్ఞుడు ఒకరు ముందుకు వచ్చి బాధ్యత తీసుకున్నాడు. 1924 ఆగస్టు 11 నుంచి 16 దాకా సభ జరిగింది. ప్రతినిధులను రైల్లో దేశం అడ్డంగా వాంకూవర్ దాకా తిప్పి చూపించారు.

టొరంటో సంపుటం మీద కూడా సంఖ్య లేదు. ఇక్కడ ఇంకో తేడా కనిపిస్తుంది. సంపుటం పేరులో సభ పేరే కొంచెం మారింది: ‘గణితజ్ఞుల మహాసభ’ బదులు ‘గణిత మహాసభ’ అని ఉంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనతో పాటు జరిగిన సభకూ ఇదే పేరు. టొరంటో వాళ్లు లెక్కను షికాగో నుంచి మళ్లీ మొదలుపెట్టారేమో అనిపించవచ్చు. అలా అయితే ఏదో ఒక అంకె ఉండాలి. లేదు. పేరులోని పోలికతో ఏదీ తేలదు కనుక దాన్ని వదిలేశాను.

టొరంటోలోనే నిబంధనను ఎత్తేయాలన్న తీర్మానం వచ్చింది. అమెరికా ప్రతినిధులు పెట్టారు. ఇటలీ, బ్రిటన్, నెదర్లాండ్స్, స్కాండినేవియా దేశాల వాళ్లు బలపరిచారు. యుద్ధంలో గెలిచిన దేశాలే ఇందులో ఉన్నాయని గమనించాలి. 1925లో పై మండలిలో ఓటింగు జరిగింది. ఎత్తేయాలన్నవారే ఎక్కువ, కానీ కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. 1926 జూన్‌లో ప్రత్యేక సమావేశం పెట్టి నిబంధనను తీసేశారు. అప్పటికి లొకార్నో ఒప్పందాల మీద సంతకాలై ఆర్నెల్లు దాటింది. ఆ సెప్టెంబరులో జర్మనీ నానాజాతి సమితిలో చేరింది.

నిబంధన పోయింది కదా, 1928లో బొలోన్యా సభకు మళ్లీ గొడవ ఎందుకు వచ్చింది? మొదట చూస్తే తేదీలు పొసగవు. జవాబు సభ్యత్వంలో ఉంది. తలుపు తీశారు, జర్మనీ లోపలికి రాలేదు. పిలుపు అందినా మండలిలో చేరలేదు. గణిత సంఘం నియమాల ప్రకారం దాని మహాసభలు సభ్యదేశాల కోసం. అంటే వెలి తీసేసిన రెండేళ్లకు కూడా సంఘం పేరుతో సభ పెడితే జర్మన్లు రాలేని స్థితి. ఆ సంఘానికి అప్పటి అధ్యక్షుడు బొలోన్యా గణితజ్ఞుడే. ఆయన ఆహ్వానాలను సంఘం పేరుతో కాకుండా విశ్వవిద్యాలయం పేరుతో అన్ని దేశాల గణితజ్ఞులకూ పంపించాడు.

అభ్యంతరాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఇక్కడ పారిస్ ఒక్కదాన్నే తప్పుపట్టే కథనాలు ఉన్నాయి, అవి సగమే చెబుతాయి. పారిస్‌లోని మండలి అధ్యక్షుడు ఆహ్వానాల పద్ధతిని తప్పుపట్టాడు. బెర్లిన్‌లో ఒక గణితజ్ఞుడు జర్మన్లెవరూ బొలోన్యాకు వెళ్లవద్దని లేఖలు రాశాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒక పేరున్న గణితజ్ఞుడు ఆయనకు తోడయ్యాడు. సభ ఇంకా పాత సంఘం నీడలోనే ఉందన్నది వారి మాట. అంటే ఒకే సభను ఒకరు సంఘానిది కాదని, ఇంకొకరు సంఘానిదేనని తప్పుపట్టారు. గోటింగెన్ గణితజ్ఞుడు బెర్లిన్ మాట వినలేదు. అనారోగ్యంతో ఉండి కూడా జర్మన్ బృందాన్ని తానే వెంటబెట్టుకుని వెళ్లాడు. 836 మంది వచ్చిన ఆ సభలో జర్మన్లు 76 మంది. ఆతిథ్య దేశం తర్వాత పెద్ద బృందం వాళ్లదే.

బొలోన్యా ముఖపత్రం దగ్గర కొంచెం ఆగాలి. ఈ వెతుకులాటలో మోసం చేసే ఆధారం ఇక్కడుంది. ‘బొలోన్యా, 3–10 సెప్టెంబరు 1928’ అన్న పంక్తిలో ఏడాది పక్కన రోమన్ అంకెల్లో ఆరు కనిపిస్తుంది. కేంబ్రిడ్జి అయిదోది. స్ట్రాస్‌బూర్గ్‌ను, టొరంటోను తీసేసి లెక్కపెడితే బొలోన్యా సరిగ్గా ఆరోది. చూడగానే ముడి విడిపోయినట్టే అనిపిస్తుంది: వెలివేత సభలను లెక్కలోంచి కొట్టేసి, నిజమైన ఆరో సభ ఇదేనని బొలోన్యా వాళ్లు ముఖపత్రం మీదే ప్రకటించారని.

అది తప్పు. అంకె ఉన్న చోటు చూడండి. అది సభ పేరు పక్కన లేదు, ఏడాది పక్కన ఉంది. 1908 రోమ్ సంపుటం మీద నాలుగు అన్న రోమన్ అంకె ‘మహాసభ’ అన్న మాటకు ముందు ఉంది. ఇటలీలో 1922 అక్టోబరు చివర నుంచి కొత్త ప్రభుత్వం తన సొంత శకాన్ని మొదలుపెట్టింది. 1927 అక్టోబరు చివర నుంచి అధికార పత్రాల మీద ఆ శకపు ఏడాది వేయడం తప్పనిసరి అయింది. 1927 అక్టోబరు చివర నుంచి 1928 అక్టోబరు చివర దాకా ఆరో ఏడు. సభ జరిగిన 1928 సెప్టెంబరు అందులో పడుతుంది. ఆ రోజుల ఇటలీ పుస్తకాల మీద ఇవే అంకెలు ఏటా ఒకటి చొప్పున పెరుగుతూ పోతాయి. మన పాత తెలుగు పుస్తకాల మీద క్రీస్తు శకం పక్కన ప్రభవ, విభవ అని సంవత్సరం పేరు వేసినట్టే ఇది. ఆ ఆరు కేవలం కాకతాళీయం. మోసపోవడం మాత్రం తేలిక. బొలోన్యా సంపుటాలు కూడా ఆరే కావడం ఇంకో చిక్కు.

కాబట్టి బొలోన్యా మీదా సభ సంఖ్య లేదు. ‘ఎనిమిదవ’ అని వేస్తే స్ట్రాస్‌బూర్గ్, టొరంటో సభలు సరైనవేనని ఒప్పుకున్నట్టు. ‘ఆరవ’ అని వేస్తే అవి చెల్లవని చెప్పినట్టు. మొదటిదానికి బెర్లిన్, రెండోదానికి పారిస్ అడ్డుపడే స్థితి ఉంది. ఏమీ వేయకపోతే ఇద్దరూ వచ్చి కూర్చోవచ్చు. రెండు దేశాల గణితజ్ఞులూ వచ్చారు. నిర్వాహకుల ఉద్దేశం అదేనని నేను అనడం లేదు. ముఖపత్రం ఉద్దేశాలు చెప్పదు. అంకె లేకపోవడం వల్ల ఏం జరగడానికి వీలైందో మాత్రమే చెప్పగలను. సభ తర్వాత బొలోన్యా గణితజ్ఞుడు సంఘం అధ్యక్ష పదవి వదులుకున్నాడు.

1932లో సభ జూరిక్‌కు తిరిగి వచ్చింది. ‘మొదటి’ అన్న మాట వాడి లెక్క ప్రారంభించిన ఊరు అది. లెక్కను సరిచేసే అవకాశం ఎవరికైనా ఉంటే వాళ్లకే. జూరిక్ 1932 సంపుటం మీద సంఖ్య లేదు. ఆ సభలోనే పాత గణిత సంఘాన్ని ముగించేశారు. టొరంటో సభలో మిగిలిన డబ్బుతో ఒక పతకం పెట్టాలన్న ప్రతిపాదనను అక్కడే ఒప్పుకున్నారు. ప్రతిపాదించిన కెనడా గణితజ్ఞుడు సభకు కొన్ని వారాల ముందు, ఆగస్టులో చనిపోయాడు. పతకం మీద ఏ దేశం పేరూ, ఏ సంస్థ పేరూ, ఏ మనిషి పేరూ ఉండకూడదని ఆయన రాసిపెట్టాడు. వెలివేత నిబంధన కింద సభ జరిపినవాడే ఇలా కోరాడు. అయినా ఆ పతకాన్ని ఇవాళ లోకమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది.

సంఘం మళ్లీ ఎప్పుడు లేచింది? 1951లో. మొదటి సర్వసభ్య సమావేశం 1952 మార్చిలో రోమ్‌లో జరిగింది. ఈసారి జర్మనీ, జపాన్ మొదటి నుంచే సభ్యులు. రెండో యుద్ధం తర్వాత మొదటి యుద్ధం తర్వాతి నిబంధనను తిరిగి రాయలేదు.

రాజకీయం మాత్రం సభలను విడిచిపెట్టలేదు. 1936 ఓస్లో సభకు ఇటలీ వాళ్లు రాలేదు. ఇథియోపియా మీద దాడికి విధించిన ఆంక్షల్లో నార్వే పాల్గొంది. ఉపన్యాసాలకు పిలిచిన సోవియట్ గణితజ్ఞులూ రాలేదు. 1950లో అమెరికాలోని కేంబ్రిడ్జి సభకు పతకం అందుకోవాల్సిన ఫ్రెంచి గణితజ్ఞుడికే వీసా కష్టమైంది. సోవియట్ పరిషత్తు తమవాళ్లు పనుల్లో ఉన్నారని తంతి పంపింది. 1970లో, 1978లో పతకం గెలిచిన సోవియట్ గణితజ్ఞులను వాళ్ల ప్రభుత్వమే పంపలేదు. 1982 వార్సా సభ సైనిక శాసనం కారణంగా 1983లో జరిగింది. 1920కీ వీటికీ ఒక తేడా ఉంది. వీటిలో తలుపు మూసింది ప్రభుత్వాలు. స్ట్రాస్‌బూర్గ్‌లో మూసింది శాస్త్రజ్ఞులు తామే రాసుకున్న నిబంధన. 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సభను ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు రోజులకే రద్దు చేసి ఆన్‌లైన్‌కు మార్చారు. పతకాలు హెల్సింకీలో ఇచ్చారు. రష్యా ప్రభుత్వ ప్రతినిధులకు చోటు లేదన్నారు గాని, రష్యా గణితజ్ఞులు వ్యక్తులుగా పాల్గొనవచ్చని చెప్పారు. గోటింగెన్ గణితజ్ఞుడికి 1920లో దక్కనిది ఈ చివరి మాటే.

ఇక మన లెక్క. 2010 ఆగస్టు 19 నుంచి 27 దాకా ఈ మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. జరిగిన సభలన్నిటినీ లెక్కపెడితే అది 26వది. స్ట్రాస్‌బూర్గ్, టొరంటోలను అంతర్జాతీయ సభలు కావని తీసేస్తే 24వది. జరగని స్టాక్‌హోమ్ సభనూ కలిపితే 27వది. హైదరాబాద్ సభ సంపుటాలు నాలుగు. వాటి పేరులో ఊరు, ఏడాది ఉన్నాయి గాని వరుస సంఖ్య లేదు. నా తీర్పు ఇది: 1912 తర్వాత ఏ సభకూ సరైన వరుస సంఖ్య లేదు. సాధారణ విజ్ఞానం పుస్తకాలు కూర్చేవారు, పోటీ పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసేవారు హైదరాబాద్ సభను ‘2010 సభ’ అని రాస్తే చాలు. ‘26వ’ అనే రాయదలిస్తే, జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, బల్గేరియాలను రానివ్వని రెండు సభలు ఆ లెక్కలో ఉన్నాయని పక్కనే ఒక పంక్తి రాయండి.